చెప్పిన తేదీ

(శామీర్‌పేటలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ చుట్టుపక్కల సబ్ సెంటర్లలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఏఎన్‌ఎంగా పనిచేసిన మనిషి జ్ఞాపకార్థం మనమంతా ఇక్కడ కూర్చున్నాం. అచ్చులో ఆమె పేరు వేయవద్దని పిల్లలు అడిగారు. ఈ ఊళ్ళలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఎలాగూ తక్కువే. సిస్టరమ్మ అంటే చాలు, ఎవరి సంగతో అందరికీ తెలుస్తుంది. నేనూ అలాగే అంటాను.

నేను పాథాలజిస్టును. ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ ఆసుపత్రుల ల్యాబుల్లో మైక్రోస్కోపు ముందు గడిచింది. సిస్టరమ్మ ఊళ్ళ నుంచి వచ్చిన స్లయిడ్లు నా బల్ల మీదికి వచ్చేవి. ఆమె మొహం చూడటానికి ఎన్నో ఏళ్ళ ముందే ఆమె చేతిరాత నాకు తెలుసు. స్లయిడుతో వచ్చే ఫారంలో వయసు, కాన్పులెన్ని, చివరిసారి ముట్టు ఎప్పుడయింది, తెల్లబట్ట ఉందా లేదా, అన్నీ నింపి పంపేది. చాలామంది ఖాళీగా వదిలేసే గడులవి. అవి ఖాళీగా ఉంటే స్లయిడు చదివేవాళ్ళకు ఎంత కష్టమో చెప్పలేను. ఏభై ఏళ్ళ మనిషి కణాలూ ముప్ఫై ఏళ్ళ మనిషి కణాలూ ఒకేలా ఉండవు కదా.

ఆమె రిటైరయ్యాక ఒకసారి ఇంటికి వెళ్ళాను. చాయ్ ఇచ్చి, సందూకులోంచి పాత రిజిస్టరు తీసి చూపించింది. క్రమసంఖ్య, పేరు, ఊరు, పరీక్ష చేసిన తేదీ, నమూనా పంపిన తేదీ, రిపోర్టు వచ్చిన తేదీ, ఫలితం. గడులు అక్కడితో అయిపోయాయి. పేజీ చివర, కుట్టు పక్కన మిగిలిన కాస్త జాగాలో స్కేలు పెట్టి ఎర్రసిరాతో ఇంకో గడి గీసుకుంది. దాని నెత్తిన ‘చెప్పిన తేదీ’ అని రాసుకుంది. ఏ అధికారీ అడగని గడి అది. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ గడి గురించే.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి చాలామందికి పోస్టర్ల మీద చూసిన మాత్రం తెలుసు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 లెక్కల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాది లక్షా 27 వేల మందికి పైగా ఆడవాళ్ళకు ఈ జబ్బు కొత్తగా వచ్చింది. దాదాపు 80 వేల మంది చనిపోయారు. ముందుగా కనిపెడితే దాదాపు పూర్తిగా ఆపగలిగిన జబ్బు ఇది. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో అడిగినప్పుడు, 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా తేలలేదు. తెలంగాణలో ముగ్గురి పైన కొంచెం. కాబట్టి మన సభల్లో, మన ప్రచారంలో మాటంతా పరీక్షకు రప్పించడం మీదే నడుస్తుంది. అది న్యాయమే. అయితే వచ్చిన ఆ ముగ్గురికీ మనం ఏం చేశామన్నది ఎవరూ అడగరు. నాకు అడగాలని ఉంది, ఎందుకంటే ఆ ముగ్గురి స్లయిడ్లూ చూసినవాళ్ళలో నేనొకదాన్ని.

ఒక స్లయిడు ఎలా ప్రయాణిస్తుందో చెబుతాను. పీహెచ్‌సీలో బల్ల మీద పడుకోబెట్టి, గర్భాశయ ముఖద్వారం దగ్గర చెక్కపుల్లతోనో బ్రష్షుతోనో మెల్లగా గీసి, వచ్చినదాన్ని గాజుపలక మీద పూస్తారు. ఆ క్షణమే స్పిరిట్‌లో ముంచాలి. ఫ్యాను గాలికి ఆరితే కణాలు ఉబ్బిపోతాయి, ఇక ఆ స్లయిడు పనికిరాదు. ఆ మనిషిని మళ్ళీ పిలవాలి. ముంచిన స్లయిడ్లు పెట్టెలో పేర్చి ఉంచుతారు. నాలుగైదు స్లయిడ్ల కోసం బండి పంపరు, కాబట్టి పెట్టె నిండేదాకా ఆగుతారు. పెట్టె ల్యాబుకు వచ్చాక నంబర్లు వేయడం, రంగులద్దడం. జార్జ్ పాపనికొలావ్ అనే గ్రీకు వైద్యుడు కనిపెట్టిన ఆ రంగుల పద్ధతి వల్లనే దీనికి పాప్ పరీక్ష అని పేరు. రంగు వేయడం గంట లోపు పని. ఆ తర్వాత స్లయిడ్లు ట్రేలో వరుసలో కూర్చుంటాయి. వాటిని చదివే డాక్టరు అదే రోజు ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన ముక్కలు చూడాలి, పాఠం చెప్పాలి, పోస్టుమార్టం డ్యూటీ ఉంటే వెళ్ళాలి. ఒక్కో స్లయిడు మీద వేల కణాలుంటాయి, చెడ్డవి పదో పన్నెండో ఉండవచ్చు, ఒక మూల. ఆదరాబాదరాగా చూసేది కాదు. సంతకమయ్యాక రిపోర్టు మళ్ళీ వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాలి. మూడు వారాలు, నాలుగు వారాలు, కొన్నిసార్లు రెండు నెలలు కూడా అయ్యేది. ఈ మెట్లలో ఏ ఒక్కచోటా సోమరితనం లేదు. ప్రతిచోటా కొంచెం కొంచెం ఆగడం ఉంది, అదంతా కలిసి నెలలయ్యేది.

ఇప్పుడొక మాట చెబితే మీకు ఆశ్చర్యం వేయవచ్చు. ఈ నెలా, రెండు నెలల ఆలస్యం వల్ల జబ్బు పెరగదు. హెచ్‌పీవీ అనే వైరసు సోకడం దగ్గర్నుంచి క్యాన్సర్‌గా మారేదాకా చాలామందిలో పదేళ్ళు, పదిహేనేళ్ళు పడుతుంది. ఈ వైరసుకూ ఈ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని తేల్చినందుకే హరాల్డ్ త్సుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. సోకినవాళ్ళలో ఎక్కువమందికి ఏడాది రెండేళ్ళలో అదే పోతుంది. పోనివాళ్ళలో కణాలు నెమ్మదిగా మారతాయి. ఇంత తీరిక ఇచ్చే క్యాన్సర్లు తక్కువ. ఈ సంగతి తెలుసు కాబట్టే డాక్టర్లం నిశ్చింతగా ఉండేవాళ్ళం. నాలుగు వారాలైతే ఏమవుతుంది అనుకునేవాళ్ళం. నేనూ అనుకున్నాను, చాలా ఏళ్ళు.

జబ్బు ఆగుతుంది. మనిషి ఆగదు. నాకు ఈ సంగతి తెలిసింది సిస్టరమ్మ వల్ల.

ఒక వేసవిలో ఇటుక బట్టీల దగ్గర క్యాంపు పెట్టి నమూనాలు తీశారు. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు, పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. అందులో ఒక స్లయిడులో తీవ్రమైన మార్పులు కనిపించాయి. ఇంకా క్యాన్సర్ కాదు, వదిలేస్తే అయ్యేది. అప్పుడు చిన్న చికిత్సతో తీసేయగలిగేది. నేను రిపోర్టు రాసి, ఎర్ర గీత గీసి, అత్యవసరం అని పెట్టి పంపాను. అది ఊరు చేరేసరికి నెల దాటింది. ఈలోగా తొలకరి పడింది. వానలొస్తే బట్టీ పని బంద్. కుటుంబాలన్నీ మూటలు సర్దుకుని రైలెక్కాయి. ఫారంలో రాసిన ఫోన్ నంబరు మేస్త్రీది. మేస్త్రీకి ఆ పేరున్న మనిషి ఎవరో గుర్తు లేదు. సిస్టరమ్మ మూడు బట్టీలు తిరిగింది, యజమానులను అడిగింది, మరుసటి సీజనులో కొత్తగా వచ్చినవాళ్ళను కూడా అడిగింది. ఆమె దొరకలేదు. ఎర్రగడి గీయడం ఆ తర్వాతే మొదలైంది.

మేడ్చల్, శామీర్‌పేట అంటే ఇప్పుడు పాతకాలపు పల్లెటూళ్ళు కావు. 2016 అక్టోబరులో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడే నాటికే ఇవి సగం పట్నమయ్యాయి. ఇటు రాజీవ్ రహదారి, అటు నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి, మధ్యలో ఔటర్ రింగ్ రోడ్డు. గోదాములు, కోళ్ళఫారాలు, కంపెనీలు, కడుతున్న అపార్ట్‌మెంట్లు. కిరాయి ఇళ్ళలో మనిషి ఆరు నెలలు ఉంటే గొప్ప. సిమ్ము మారుతుంది, ఇల్లు మారుతుంది, పని మారుతుంది. పాతకాలపు ఊళ్ళో అయితే రిపోర్టు మూడు నెలలు ఆలస్యమైనా ఆ మనిషి అదే అరుగు మీద కూర్చుని ఉండేది. ఇక్కడ మూడు నెలలంటే మనిషి కళ్ళముందు నుంచి మాయమైపోయేంత కాలం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చికిత్స అవసరమని తేలాక ఆరు నెలల లోపే, వీలైనంత త్వరగా చేయాలంటుంది. అందుకు అది చెప్పే కారణం, ఆలస్యమైతే ఆ స్త్రీ మళ్ళీ దొరకకుండా పోతుందనే. ఈ మాట చదివినప్పుడు నాకు మన బట్టీలే గుర్తొచ్చాయి.

ఇక ఊరు విడిచి ఎక్కడికీ పోనివాళ్ళ సంగతి. వాళ్ళ కథ ఇంకా బాధ పెడుతుంది.

ఒక పెద్దావిడ, మేడ్చల్ వైపు ఊరు. రక్తస్రావంతో వచ్చింది. బయాప్సీ ముక్క నా దగ్గరికి వచ్చింది. అప్పటికే ముదిరింది, మూడో దశ. ఇంతకు ముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నావా అమ్మా అని అడిగాను. చేయించుకున్నానంది, నాలుగేళ్ళ కింద. రిపోర్టు ఏం వచ్చింది? “ఏమో మేడం, వస్తదన్నరు. రాలే. రాలేదంటే ఏం లేనట్టే గద అనుకున్న.” ఆ సాయంత్రం పాత రిజిస్టర్లు దింపించి వెతికాను. ఆమె పేరు ఉంది. మార్పులు ఉన్నాయని రాసి ఉంది. కింద నా సంతకం ఉంది. తీసుకువెళ్ళని రిపోర్టుల కట్టలో ఆ కాగితం, మడత కూడా నలగకుండా. నేను చేయాల్సిన పని పొల్లుపోకుండా చేశాననీ, ఆ పనివల్ల ఆమెకు రవ్వంత మేలు కూడా జరగలేదనీ ఆ రోజు నాకు అర్థమైంది.

‘రాలేదంటే లేనట్టే.’ ఈ నమ్మకాన్ని మూఢత్వం అనకండి. ఆమె లెక్క సరైనదే. ప్రమాదం ఉంటే సర్కారు దవాఖాన తనను వెతుక్కుంటూ రాదా అన్నది ఆమె నమ్మకం. పోలియో చుక్కలకు ఇంటికొచ్చారు, బడి పిల్లల టీకాలకు వచ్చారు, కాన్పు తేదీ దగ్గరపడితే ఆశా కార్యకర్త రెండుసార్లు తలుపు కొట్టింది. క్యాన్సర్ అంతటిది ఉంటే చెప్పరా? ప్రభుత్వ వైద్యం మీద ఇంతకంటే గొప్ప నమ్మకం ఉంటుందా? ఆ నమ్మకాన్ని మనం వమ్ము చేశాం.

ఇంకో రకం వాళ్ళున్నారు. ఎదురుచూడలేనివాళ్ళు. పరీక్ష అనగానే లోపల భయం మొదలవుతుంది. క్యాన్సర్ పరీక్షట అని పక్కింట్లో చెప్పుకోలేరు. మొగుడికి చెబితే ఏమంటాడో తెలియదు. అసలే తెల్లబట్ట, నడుంనొప్పి. రిపోర్టు కోసం రెండు వారాలు చూసి, మూడో వారం ఎవరో చెప్పిన నర్సింగ్ హోముకు వెళుతుంది. అక్కడ స్కానింగు చేసి గర్భసంచికి పుండైంది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం అంటారు. అప్పు చేసి తీయించుకుంటుంది. ముప్ఫై అయిదేళ్ళకే. 2015–16 కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ రిపోర్టు ఆలస్యం మీద తోసేయను. కానీ మనం జవాబు చెప్పకుండా ఖాళీగా వదిలిన ఆ వారాల్లో భయాన్ని అమ్ముకునేవాడికి చోటు దొరికింది. అండాశయాలు కూడా కలిపి తీసేస్తే ఆ వయసులో ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బుల ముప్పు, అవన్నీ ఆమె మీద పడతాయి. కొన్నాళ్ళకు మా ల్యాబు రిపోర్టు వస్తుంది: మామూలుగా ఉంది అని. అప్పటికి గర్భసంచి లేదు.

మరి వెంటనే జవాబు వచ్చే పరీక్ష లేదా? ఉంది. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్ని పలచగా చేసి గర్భాశయ ముఖద్వారం మీద అద్ది ఒక్క నిమిషం ఆగి చూడటం. తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. వీఐఏ అంటారు. ఆ మనిషి బల్ల దిగేలోపు జవాబు చెప్పవచ్చు. కేంద్ర ఆరోగ్య శాఖ 2016 మార్గదర్శకాలు 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళకు అయిదేళ్ళకోసారి ఇదే చేయమన్నాయి. తమిళనాడు దిండిగల్ జిల్లాలో చేసిన పెద్ద అధ్యయనంలో ఈ పరీక్ష ఒక్కసారి చేసి, అవసరమైనవాళ్ళకు చికిత్స చేస్తేనే మరణాలు మూడో వంతు దాకా తగ్గాయని 2007లో తేలింది. ఎదురుచూపు సమస్యకు ఇదే మందు అని మేమంతా సంతోషించాం.

ఆ సంతోషాన్ని కొంత తగ్గించింది మన మేడ్చలే. ఈ సంగతి ఈ ప్రాంతపు వాళ్ళకే తెలియకపోవడం నాకు విచారం. ఘన్‌పూర్‌లోని మెడిసిటీ వైద్య కళాశాల, షేర్ ఇండియా సంస్థ కలిసి మేడ్చల్ మండలం ఊళ్ళలో ఈ క్యాన్సర్ పరీక్షల మీద ఒక పెద్ద పరిశోధన చేశాయి. అమెరికా విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు కూడా అందులో ఉన్నారు. 2,331 మంది ఆడవాళ్ళకు మూడు పరీక్షలూ చేశారు: వీఐఏ, పాప్, హెచ్‌పీవీ. 2010లో అచ్చయిన ఆ ఫలితాలను ప్రపంచమంతా చదివింది. వీఐఏ చాలామందిలో లేని జబ్బును ఉందని చూపింది, ఉన్న మార్పుల్లో చాలావాటిని చూడలేకపోయింది. హెచ్‌పీవీ పరీక్షే నమ్మదగ్గదిగా నిలిచింది. అంతకు ఏడాది ముందు ఇదే ఊళ్ళలోని ఆడవాళ్ళు తమ నమూనా తామే తీసుకుంటే, అది డాక్టరు తీసినదానికి దాదాపు సరితూగుతుందని కూడా చూపించారు. బల్ల ఎక్కే సిగ్గు లేదు, కూలి పోయే బాధ లేదు, ఇంట్లోనే తీసి ఇవ్వవచ్చు. పూడూరు, గౌడవెల్లి వంటి ఊళ్ళున్న ఈ మండలపు ఆడవాళ్ళు లోకానికి నేర్పిన పాఠం అది. లోకం నేర్చుకుంది. మలేసియాలో 2018లో మొదలైన రోజ్ కార్యక్రమంలో ఆడవాళ్ళు సొంతంగా నమూనా తీసి ఇస్తారు, ఫలితం వాళ్ళ ఫోనుకే వస్తుంది. పాఠం నేర్పినవాళ్ళ కూతుళ్ళకు మాత్రం అది ఇంకా అందలేదు.

వీఐఏ వెంటనే జవాబు చెబుతుందన్న మాట నిజమే గానీ, ‘ఉంది’ అని చెప్పిన తర్వాత రెండో ఎదురుచూపు మొదలవుతుంది. పెద్ద దవాఖానకు పొమ్మంటారు. శామీర్‌పేట నుంచి జూబ్లీ బస్ స్టేషన్, అక్కడి నుంచి గాంధీకో, ఇంకో బస్సు మారి రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రికో. మొదటి రోజు ఓపీ చీటీ. రెండో రోజు కాల్పోస్కోపీ, అంటే ముఖద్వారాన్ని భూతద్దంతో చూడటం. ముక్క తీస్తే దాని రిపోర్టుకు ఇంకో వారం పది రోజులు. ఒక్కో రోజూ ఒక కూలి. పదేళ్ళ పిల్లను ఇంట్లో చంటిపిల్ల దగ్గర వదిలి వచ్చే తల్లులను చూశాను. మూడోసారి రావడం మానేస్తారు. మనం వాళ్ళ పేరు పక్కన ‘రాలేదు’ అని రాస్తాం, తప్పు వాళ్ళదైనట్టు.

హెచ్‌పీవీ పరీక్ష విషయంలో మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లా ఊళ్ళు సాక్ష్యం చెబుతాయి. అక్కడ 1,31,746 మంది ఆడవాళ్ళతో చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. జీవితంలో ఒకే ఒక్కసారి ఈ పరీక్ష చేస్తే, ఎనిమిదేళ్ళలో ఈ క్యాన్సర్ మరణాలు సుమారు సగానికి తగ్గాయి. ఖరీదు, యంత్రాలు, ఇవి మొన్నటిదాకా అడ్డంకులు. ఇప్పుడు టీబీ కోసం ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెట్టిన సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలే ఈ పరీక్షా చేయగలవు. వేరే కార్ట్రిడ్జి, వేరే చిప్ కావాలి, అంతే. ఒక గంట, గంటన్నర పని. పొద్దున నమూనా ఇచ్చిన మనిషికి మధ్యాహ్నం అన్నం వేళకు జవాబు చెప్పవచ్చు. వైరసు ఉందని తేలితే అదే రోజు చూసి, అవసరమైతే చేతిలో పట్టేంత చిన్న పరికరంతో నిమిషంలోపు వేడి తగిలించి ఆ కణాలను నశింపజేయవచ్చు. దీనికి మత్తు అక్కర్లేదు, ఆపరేషన్ థియేటరూ అక్కర్లేదు. శిక్షణ పొందిన నర్సు చేయగలదు.

ఇది మన చేతగాని పని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2018లో నారాయణగూడలోని ప్రభుత్వ వైద్య సంస్థ ఐపీఎం ఆవరణలో ల్యాబు పరీక్షల పథకం తెలంగాణ డయాగ్నొస్టిక్స్ మొదలైనప్పుడు చూశాను. బస్తీలో తీసిన రక్తం బండ్ల మీద వచ్చి, ఒక రోజు తిరిగేసరికి రిపోర్టు ఫోనుకు చేరేది. థైరాయిడ్ రిపోర్టు కోసం నెలలు తిరిగిన జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. 2023 మహిళా దినోత్సవం నాడు మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో మంగళవారం మంగళవారం ఆడవాళ్ళకోసమే వైద్యం పెట్టి, క్యాన్సర్ పరీక్షలను అందులో చేర్చారు. ఆ రోజు ఆ గదుల్లో అంతా ఆడవాళ్ళే ఉండేలా చూశారు. దీని విలువ తక్కువది కాదు. ఇక ఈ నేల సంగతి చెప్పాలా? మేడ్చల్ పక్కన అత్వెల్లిలో ప్లాంటు పెట్టుకున్న శాంతా బయోటెక్నిక్స్ 1997లో జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్ బి టీకా తెచ్చింది. అది కాలేయ క్యాన్సర్‌ను కూడా ఆపే టీకా. ఈ శామీర్‌పేట పక్కన తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ ఉంది, ఇక్కడ తయారైన టీకాలు ఎన్నో దేశాలకు వెళతాయి. మందు సీసాను చల్లదనం తగ్గకుండా ఆఫ్రికా దాకా చేర్చగలిగిన ప్రాంతం, ఒక కాగితాన్ని లాల్‌గడి మలక్‌పేట దాకా చేర్చలేదా?

హెచ్‌పీవీకి టీకా వచ్చింది కదా అంటారు. మంచిదే, ప్రతి ఆడపిల్లకూ అందాలి. 2009–10లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రయోగం నడిచిన తీరు, అనుమతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు చేయడం, ఆ తర్వాత అది మధ్యలో ఆగిపోవడం, ఇవన్నీ తెలుగు జనం మనసులో అనుమానం నింపాయి. ఆ అనుమానం పోవాలంటే దాపరికం లేకుండా మాట్లాడాలి. అయితే ఇప్పుడు నలభై ఏళ్ళున్న తల్లికి ఆ టీకా వల్ల పెద్దగా రక్షణ ఉండదు. ఆమెకు పరీక్షే దిక్కు. ఇంకో ఇరవై, ఇరవై అయిదేళ్ళు పరీక్ష లేకుండా గడవదు.

డబ్బున్న దేశాల్లో కూడా ఈ ఎదురుచూపు ఉంది. ఇంగ్లండులో పరీక్ష చేయించుకున్న స్త్రీలలో నూటికి 98 మందికి 14 రోజుల్లో ఫలితం లేఖ చేరాలని నియమం పెట్టుకున్నారు. 2015 నవంబరు తర్వాత ఏళ్ళ తరబడి ఆ నియమం నిలవలేదు. హెచ్‌పీవీ పరీక్షకు మారబోతున్నామని ప్రకటించగానే, స్లయిడ్లు చదివే సిబ్బంది తమ ఉద్యోగాలు పోతాయని ముందే వేరే పనులు చూసుకున్నారు. స్లయిడ్లు గుట్టలు పడ్డాయి. కొత్త పద్ధతికి మారేటప్పుడు పాత చేతులను వదులుకోకూడదన్న పాఠం అందులో మనకుంది. నేను మెచ్చుకునేది ఇంకొకటి: వాళ్ళు లెక్కపెట్టింది ల్యాబు సంతకం తేదీ వరకు కాదు, లేఖ ఇంటికి చేరే తేదీ వరకు. అందుకే ఆలస్యం బయటపడింది, ఆడిటర్లు పార్లమెంటుకు చెప్పారు, పత్రికలు నిలదీశాయి.

ఐర్లండులో అయితే అసలు చెప్పనేలేదు. అక్కడ విక్కీ ఫీలన్ అనే ఆవిడకు 2011లో చేసిన పరీక్షలో ఏమీ లేదన్నారు. 2014లో క్యాన్సర్ బయటపడింది. ఆ ఏడాదే పాత స్లయిడును మళ్ళీ చూసి, అప్పుడే మార్పులున్నాయని కనుక్కున్నారు. ఆమెకు మాత్రం చెప్పలేదు. ఆమెకు తెలిసింది 2017లో. నోరు మూసుకుని ఉంటేనే పరిహారం ఇస్తామన్న షరతుకు ఆమె ఒప్పుకోలేదు. 2018లో కోర్టు మెట్ల మీద నిలబడి మాట్లాడింది, అలా మరో రెండు వందల మందికి పైగా ఆడవాళ్ళ విషయం బయటికొచ్చింది. 2022 నవంబరులో చనిపోయింది. సిస్టరమ్మకు ఆమె గురించి తెలియదు. ఇద్దరూ పట్టుబట్టింది ఒక్కదాని కోసమే: ఫలితం ఆ మనిషికి చెప్పడం.

చెప్పడమంటే మెసేజి పంపడమేనా? కాదు. మన ఊళ్ళలో ఇంట్లో ఉన్న ఒక్క ఫోను మొగుడి చేతిలోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. ‘హెచ్‌పీవీ పాజిటివ్’ అన్న రెండు మాటలు ఆ ఫోనులో పడితే ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించండి. అది లైంగికంగా సోకే వైరసని ఎవడో చెబుతాడు. పెళ్ళయిన కొత్తలో ఎప్పుడో సోకి ఇరవై ఏళ్ళు నిద్రపోయి ఉండవచ్చనీ, అది మొగుడి నుంచే వచ్చి ఉండవచ్చనీ చెప్పేవాళ్ళుండరు. సిస్టరమ్మ పద్ధతి వేరు. మంచి కబురైతే దారిలో ఎదురైనా చెప్పేసేది: “నీది మంచిగుంది వదినా, అయిదేండ్లకు మళ్ళ రా.” మంచి కబురు కూడా చెప్పాలన్నది ఆమె గట్టి నియమం. అది చెప్పకపోతే, చెప్పనివన్నీ మంచివే అనుకుంటారని ఆమెకు తెలుసు. తేడా ఉన్న రిపోర్టయితే బీపీ చూస్తానంటూ ఇంటికి వెళ్ళేది. గొళ్ళెం పెట్టి, పక్కన కూర్చుని, ఇది క్యాన్సర్ కాదు, కానియ్యకుండ చూద్దామని మొదలుపెట్టేది. తర్వాత బస్సెక్కించి తనే వెంట వెళ్ళేది. ఆ పూట సెలవు పెట్టుకుని.

ఆమె చూపించిన ఆ రిజిస్టరులో ఎర్రగడులన్నీ నిండి లేవు. పదకొండు ఖాళీలున్నాయి. నేను లెక్కపెట్టలేదు, తనే చెప్పింది, ఏ పేజీలో ఏ పేరో చూడకుండా. బట్టీ మనిషి అందులో మొదటిది.

ఈ సభలో జిల్లా వైద్యాధికారులున్నారు, పీహెచ్‌సీ డాక్టర్లున్నారు. మీకు నాదొక విన్నపం. ఎంతమందికి పరీక్ష చేశామన్న లెక్క పైకి పంపేటప్పుడు, ఎంతమందికి ఫలితం నోటితో చెప్పామన్న లెక్క కూడా పంపండి. రిజిస్టరులో, ట్యాబులో, ఎక్కడైనా సరే, ‘చెప్పిన తేదీ’ అన్న గడి పెట్టండి. నమూనా తీసిన రోజుకూ ఆ రోజుకూ మధ్య పద్నాలుగు రోజులు దాటితే ఎందుకు దాటిందో నెలనెలా సమీక్షలో అడగండి. నమూనా తీసేటప్పుడే ఆ మనిషి ఫోను కాక, ఆమె నమ్మే ఇంకో ఆడమనిషి నంబరు ఆమెనే అడిగి రాసుకోండి. వలస వచ్చినవాళ్ళయితే సొంతూరి పేరు, అక్కడి దవాఖాన పేరు రాయండి. ఆశా కార్యకర్తకు పరీక్షకు తీసుకొచ్చినందుకు ఎలా గుర్తింపునిస్తారో, ఫలితం చేరవేసినందుకు కూడా అలాగే ఇవ్వండి. టీబీ యంత్రం ఖాళీగా ఉన్న పూటల్లో ఈ పరీక్ష మొదలుపెట్టండి, మేడ్చల్ నుంచే. 2,331 మంది ఆడవాళ్ళు ఇక్కడ తమ వంతు ఇచ్చారు.

ఇక్కడికి వచ్చిన అక్కలకు, చెల్లెళ్ళకు ఒక్క మాట. పరీక్ష చేయించుకున్న రోజే, ఫలితం ఏ తారీఖుకు చెబుతారు, ఎవరు చెబుతారు అని అడిగి రాయించుకోండి. ఆ తారీఖు దాటితే వెళ్ళి అడగండి. రాలేదంటే లేనట్టు కాదు. ఎప్పుడైనా, ఎక్కడైనా నమూనా ఇచ్చి జవాబు ఇంతవరకు వినని వాళ్ళు ఈ సభలో ఉంటే, అది ఏడాది కిందటిదైనా అయిదేళ్ళ కిందటిదైనా సరే, వెళ్ళిపోకండి. వెనక గదిలో ఇద్దరు సిస్టర్లు కూర్చుని ఉన్నారు, నేనూ అక్కడికే వస్తున్నాను.